చిన్నప్పుడు ఎలా ఉండేవాడు

పెళ్లైన కొత్తలో ఒక ఆదివారం కొత్తిమీర తెమ్మని వీరేందర్‌ని మేడ్చల్ మార్కెట్‌కి పంపాను. ఎప్పటికో గాజు సీసాలో రెండు ఎర్ర చేపపిల్లల్ని పట్టుకుని వచ్చాడు. కొత్తిమీర లేదు. సంచీ లేదు. బండిని మార్కెట్ దగ్గరే మర్చిపోయి షేర్ ఆటోలో వచ్చేశాడు.

"చూడు ప్రియా, ఇది నువ్వు, గిది నేను" అని సీసాని నా ముఖం ముందు ఊపుతుంటే కడుపు పట్టుకుని నవ్వుతూ గడప మీద కూలబడ్డాను.

"మరి కొత్తిమీర ఏది మహానుభావా?"

"గా చేప నోట్ల ఉన్నదేమో చూడరాదు."

అతనివన్నీ నాకు ముద్దొచ్చేవి. చొక్కా తిరగేసి తొడుక్కుని వరండా దాకా వెళ్లడం, ఫోన్లో మాట్లాడుతూనే ఆ ఫోన్ కోసం వెతకడం, ఒక కథ మొదలుపెట్టి ఇంకో కథలోకి దూరి మళ్లీ బయటికి రాకపోవడం. బీఫార్మసీలో మేమిద్దరం ఒకే క్లాసు. అతని హాల్ టికెట్లు నా దగ్గరే ఉండేవి, అతను పోగొడతాడని. మా అత్తయ్య రుక్కమ్మ మాత్రం ఇవేవీ చూసి నవ్వేది కాదు. ఆ రోజు కూడా పక్కింటాయన్ని బతిమాలి బండి తెప్పించి, తాళం చెవి చీర కొంగుకి ముడేసుకుంది.

నవ్వడం నేనూ మానేసే రోజు వచ్చింది.

వీరేందర్ శామీర్‌పేట వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్ చూస్తాడు. ఒక మందు అయిపోయి ఇంకో మందు ప్యాకింగ్ మొదలయ్యే ముందు, పాత లేబుల్ ఒక్కటి కూడా మిగలకుండా ఆ వరసంతా ఖాళీ చేయించి, కళ్లారా చూసి సంతకం పెట్టాలి. అతను చూడకుండా పెట్టాడు. బీపీ మాత్రల లేబుళ్లు కొన్ని షుగర్ మాత్రల డబ్బాలకి అంటుకున్నాయి. గేటు దాటకముందే పట్టుకున్నారు కాబట్టి ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. అలా జరగడం రెండోసారి. సస్పెండ్ చేశారు.

మేనేజర్ హేమచంద్ గారు మంచాయన. ఫోన్ చేసి చెప్పారు. "నువ్వు దొంగవి కాదు, తాగుబోతువి కాదు. ఏదో ఉంది నీలో. డాక్టర్‌కి చూపించుకో. ఫలానా ఇబ్బంది అని రాసిస్తే ఎంక్వైరీలో మాట్లాడి వేరే పనిలో వేయిస్తాను. లేదంటే తీసేస్తారు. ఇలాంటి తప్పుకి బయటికి పంపితే ఈ చుట్టుపక్కల ఏ కంపెనీ వాళ్లూ నిన్ను లోపలికి రానివ్వరు."

ఆ సాయంత్రం వీరేందర్ మెట్ల మీద కూర్చుని నన్నడిగాడు. "నేను బేకార్‌గాణ్ణా ప్రియా? లేకుంటె నాకేమన్న అయిందా? గదొక్కటి తెలిస్తె సాలు."

డాక్టర్ పేరు సుచిత్ర. క్లినిక్ కూడా సుచిత్ర సర్కిల్ దగ్గరే. "కొంపల్లిల పెట్టుకుంటె డాక్టర్ కొంపల్లి అయ్యేదేమో" అని వీరూ బస్సులో అంటే, అంత దిగులులోనూ ఇద్దరం నవ్వుకున్నాం.

రక్తం తీసి చెప్పేస్తారనుకున్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇలా ధ్యాస నిలవకపోవడాన్ని ఏడీహెచ్‌డీ అంటారు. దాన్ని పట్టించే రక్తపరీక్ష లేదమ్మా, స్కానింగ్ లేదు. థైరాయిడ్ చూసేది అది కాదని తేల్చుకోవడానికి. నిద్ర, దిగులు, తాగుడు అడిగేదీ అందుకే. మిగతాదంతా మనిషి కథ వినడమే."

ప్రశ్నల కాగితాలు అతనికొకటి, భార్యగా నాకొకటి ఇచ్చింది. చెప్పేది మధ్యలో వదిలేస్తారా, వరసలో నిలబడలేరా, వస్తువులు పోగొడతారా అని. ఒక్కో దానికి గుర్తు పెడుతుంటే నాకు ముద్దొచ్చినవన్నీ అక్కడ జబ్బు లక్షణాలై కనిపించాయి. వీరేందర్ తనది ఇచ్చేశాడు. ఆవిడ దాన్ని తిరగేసి, "వెనకవైపు కూడా ఉంది" అంది. చెవులు ఎర్రబడ్డాయి అతనికి.

చివరికి ఆవిడ అంది. "ఇది పెద్దయ్యాక కొత్తగా మొదలయ్యేది కాదు. పన్నెండేళ్లలోపే, ఇంట్లోనూ బళ్లోనూ కనబడి ఉండాలి. మీ భార్యకి కాలేజీ వీరేందరే తెలుసు. చిన్న వీరేందర్‌ని చూసినవాళ్లు కావాలి. బడి కాగితాలేమైనా ఉన్నాయా?"

"ఇల్లు మారినప్పుడు పోయినయ్ మేడమ్."

"అయితే అమ్మని తీసుకురండి."

అత్తయ్య గంజి పెట్టిన నూలు చీర కట్టుకుని, పెళ్లిచూపులకి వచ్చినట్టు వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"చిన్నప్పుడు ఎలా ఉండేవాడమ్మా?"

"బంగారం మేడమ్. బంగారం అసొంటి పిలగాడు."

"బళ్లో కుదురుగా కూర్చునేవాడా?"

"ఏడ కూసోబెడ్తె ఆడనే."

"వస్తువులు పోగొట్టేవాడా?"

"పెన్సిల్ ముక్క గూడ పోగొట్టలే."

నేనుండలేకపోయాను. "నాలుగు బళ్లు మార్చారని వీరూనే చెప్పాడు కదా అత్తయ్యా!"

"ఇండ్లు మారినం. అందుకే బళ్లు మారినయ్."

డాక్టర్ ఇంకోటి అడిగింది. "చెప్పిన పని మధ్యలో వదిలేసి పరిగెత్తేవాడా?"

అత్తయ్య చీర కొంగు సర్దుకుంది. తర్వాత ఎవరో కొట్టడానికి వస్తున్నట్టు గట్టిగా అంది. "లేదు. ఎన్నడు లేదు. చెప్పిన పని చేసెటోడు."

వీరేందర్ నేల వైపే చూస్తున్నాడు. నలుగురిలో తల్లి మాట కాదనడం అతనికి చేతకాదు.

డాక్టర్ కలం పక్కన పెట్టింది. "అమ్మ చెప్పిందే నిజమైతే ఇది ఏడీహెచ్‌డీ కాదు. దిగులు వల్ల కూడా ధ్యాస నిలవదు, ఆ దారిలో చూద్దాం. ఇప్పుడైతే నేనేమీ రాయలేను."

తిరుగు బస్సులో అత్తయ్య ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. మేమిద్దరం వెనక నిలబడ్డాం.

"నువ్వెందుకు మాట్లాడలేదు వీరూ?"

"ఏం మాట్లాడాలె? అమ్మ చెప్పింది గదా, బంగారం పిలగాణ్ణని. రోగం లేదంటె ఇగ నేనే గింత." చెప్తూ నవ్వాడు. ఆ నవ్వు చూడలేక కిటికీలోంచి ఫ్లైఓవర్ స్తంభాల వైపు తల తిప్పుకున్నాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కూడా అతను మంచం దిగలేదు. అత్తయ్య డాబా మీద ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది. కోపంగా వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

మా వాళ్లది తణుకు. నాన్న ఉద్యోగమని బౌరంపేట్‌లో ఇల్లు కట్టుకున్నారు. పెళ్లి మాటలప్పుడు నాన్న "అబ్బాయి చిన్నప్పటి నుంచీ ఎలాంటివాడండీ" అంటే అత్తయ్య ఇదే "బంగారం" చెప్పింది. అదే మనసులో పెట్టుకుని అడిగేశాను.

"ఆంధ్రావాళ్ల పిల్ల ముందు పరువు పోతుందనా అత్తయ్యా? మీ పరువు కోసం వీరూ ఉద్యోగం పోవాలా?"

"పరువా?" ఆవిడ చేతిలో పని ఆగలేదు. "గది పొయ్యి ఎన్నేండ్లయిందో. వీరుకు చెల్లె ఉండె, ఎరుకేనా నీకు?"

"శృతి. జ్వరమొచ్చి పోయిందని వీరూ చెప్పాడు."

"జరం గాదు."

తొడిమలు తీస్తూనే చెప్పింది. అప్పుడు వాళ్లు కుత్బుల్లాపూర్‌లో ఒక కార్మికుల కాలనీలో అద్దెకుండేవారు. మామయ్య పర్వతాలు గారు ఫ్యాక్టరీ డ్యూటీలో ఉన్నారు. వీరేందర్‌కి ఆరేళ్లు. శృతికి ఇంకా రెండు నిండలేదు.

"సంపుల నుంచి నీల్లు తోడి లోపటికి మోస్తున్న. 'మూత ఎయ్యి బిడ్డా, జర చెల్లెను చూడు' అన్న. 'ఏస్త' అన్నడు. రేకు మూత, సగం జరిపిండు. గంతల గల్లీల పతంగి తెగిపడ్డది. ఉరికిండు. నేను బియ్యం కడిగి వచ్చెవరకు పోరి పట్టీల సప్పుడు లేదు."

నాకు అర్థమైంది. ఆవిడ ఆపలేదు.

"తీసేసరికే అయిపోయింది. వాడు పతంగి పట్టుకొని వచ్చి, 'చెల్లెకు సూపిస్త' అన్నడు. వాళ్ల నాయిన అప్పుడే వాణ్ని మా తల్లిగారింటికి తోలిండు. చెల్లెకు జరమొచ్చింది, దవాఖానల ఉన్నదన్నం. అటెనుక లేదన్నం. ఎవ్వరు వాని ముంగట అనొద్దని మీ మామ అందరితోని ఒట్టు ఏయించుకుండు. గా కాలనీ ఇడిసి ఈడికొచ్చినం. ఆయన సచ్చిపోయెదాక గా మాట మల్ల ఎత్తలే. ఇప్పుడు నీ డాక్టర్, పని ఇడిసిపెట్టి ఉరికెటోడా అని అడుగుతాంది. నేనేం చెప్పాలె బిడ్డా? ఒక్కటి చెప్తె ఎనుక అన్ని గుంజుకొస్తయి."

మిరపకాయలు పట్టుకున్న చేత్తోనే కళ్లు తుడుచుకున్నట్టున్నాను. మంట. ఆవిడే కొంగు తడిపి తెచ్చి నా కళ్లకి అద్దింది.

రెండు రోజుల తర్వాత చీరలు కొనుక్కోవాలని వీరేందర్‌కి చెప్పి మేమిద్దరమే డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఈసారి అత్తయ్య కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. పలకలు, చెప్పులు, స్వెట్టర్లు పోగొట్టిన సంగతి చెప్పింది. క్లాసులో నిలవడం లేదని టీచర్లు వరండాలో కూర్చోబెట్టడం, ఆ బళ్లవాళ్లే తీసుకుపొమ్మనడం చెప్పింది. రోడ్డు మీద లారీల కింద పడతాడేమోనని తన పాత చీరతో మంచం కోడుకి కట్టేసి పనికి పోయేదాన్నని, సాయంత్రం వచ్చేసరికి మణికట్టు కమిలి ఉండేదని చెప్పింది. ఆఖర్న సంపు గురించి చెప్పింది.

డాక్టర్ రాస్తున్న కాగితాన్ని పక్కకి జరిపింది.

"ఈ ఒక్క ముక్కా నా కాగితాల్లోకి రాదమ్మా. మిగతావి చాలు. కానీ ఎప్పుడో ఒకరోజు అతనికి చెప్పాలి. ఆ రోజు ఇక్కడ, నా ముందు చెప్పండి. ఆరేళ్లవాడి తప్పు కాదది అని చెప్పడానికి పక్కన ఒక మనిషి ఉండాలి."

"తప్పు నాది మేడమ్. ఆరేండ్ల పోరనికి సంపు అప్పజెప్పిన."

తర్వాతి వారం వీరేందర్, నేను వెళ్లాం. "ఏడీహెచ్‌డీ ఉంది. చిన్నప్పటి నుంచీ ఉంది" అంది డాక్టర్. అతను మళ్లీ చెప్పమన్నాడు. ఆవిడ మళ్లీ చెప్పింది. "అమ్మ ఒప్పుకుందా?" అనడిగాడు. "ఒప్పుకున్నారు. వెనక్కి తిరిగి చూసుకోవాలనిపిస్తుంది కొన్నాళ్లు. ఏదైనా బరువుగా అనిపిస్తే ఒంటరిగా మోయకుండా నా దగ్గరికి రండి" అంది.

బయటికి రాగానే సర్కిల్ దగ్గర వేడి జిలేబీ కొని, పాకం కారుతుండగా రోడ్డు మీదే నా నోట్లో పెట్టాడు. హేమచంద్ గారు మాట నిలబెట్టుకున్నారు. కొత్తగా చేరినవాళ్లకి పని నేర్పే విభాగంలో వేశారు. కబుర్లు చెప్పడంలో వీరూ రాజు కదా, అక్కడ అందరూ అతన్ని ఇష్టపడ్డారు.

మాత్ర మొదలుపెట్టిన వారానికి ఒక సాయంత్రం బస్సులో జరిగిన గొడవ గురించి మొదటి నుంచి చివరి దాకా, ఎక్కడా పక్కదారి పట్టకుండా చెప్పాడు. చెప్పడం అయ్యాక ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. "అయిపోయింది ప్రియా! కథ అయిపోయింది!" అని నన్నెత్తుకుని తిప్పాడు. ఇంతకన్నా ఏం కావాలనిపించింది.

డాక్టర్ అన్నట్టే అతను వెనక్కి తిరిగి చూసుకోవడం మొదలుపెట్టాడు. రోజూ ఒక పాత తప్పుని బయటికి తీసి, "గది నా తప్పు గాదు" అని దులిపి పక్కన పెట్టేవాడు. మొదట కాలేజీ సప్లిమెంటరీలు. తర్వాత ఇంటర్‌లో పోగొట్టిన సైకిల్, దానికి నాయిన కొట్టిన దెబ్బలు. తర్వాత ఏడో తరగతి. తర్వాత నాలుగు. ఒక్కోటి చెప్పేటప్పుడు అతని ముఖం తేటపడేది. ఎటువైపు నడుస్తున్నాడో నాకు తెలుసు. డాక్టర్ దగ్గరికి ముగ్గురం వెళ్దామని అత్తయ్యని అడిగాను. "పండుగ అయిపోనియ్యి" అంది. బతుకమ్మ అయ్యాక "సలికాలం రానియ్యి" అంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మటన్ వండాం. అతను ఇష్టంగా తింటూ తింటూ ఆగాడు.

"అమ్మా, కుత్బుల్లాపూర్ ఇంట్ల సంపు ఉండె గదా?"

"ఉండె."

"నాకొక పతంగి యాదికొస్తాంది. పచ్చది. పట్టుకొని లోపటికొస్తె మస్తు మంది ఉన్నరు. నువ్వు నేల మీద కూసున్నవ్, నీ చీర మొత్తం తడిసి ఉన్నది. జరమొస్తె చీర ఎందుకు తడుస్తదమ్మా?"

"వీరూ, డాక్టర్ గారి దగ్గర మాట్లాడుకుందాం" అన్నాను.

"నువ్వాగు ప్రియా. గీ ఒక్కటి నన్ను ఆఖరిదాక అనుకోనియ్యి." తల్లి వైపే చూస్తున్నాడు. "చెల్లె సంపుల పడ్డదా?"

ఆవిడ తలూపింది.

"మూత ఎవ్వరు తెరిచి పెట్టిండ్రు?"

నేను నోరు తెరవబోయాను. అంతలోనే ఆవిడ అనేసింది.

"నేనే. నీల్లు తోడి మూత ఎయ్య మర్చిపోయిన. నేనే మర్చిపోయిన బిడ్డా."

అన్నం కంచంలోనే చెయ్యి కడిగేసి లేచాడు. "ఇన్నేండ్లు జరమని చెప్పినవ్" అన్నాడు. ఆ మాట తప్ప ఆ రోజు ఇంకేం అనలేదు. తర్వాత కూడా ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ కట్టిన టిఫిన్ డబ్బా గూట్లోనే ఉండిపోయేది. ఆవిడ గదిలోకి వస్తే అతను బయటికి వెళ్లేవాడు.

"నేను చెప్పేస్తాను అత్తయ్యా. ఇలా చూడలేను."

ఆవిడ నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. "ఒట్టు. వానికి నా మీద కోపం ఉండనియ్యి. వాని మీద వానికి ఒద్దు."

నిజానికి నాకూ అతని ముఖం చూస్తే నోరు రాలేదు. పాతవన్నీ దులిపేసుకుని ఇప్పుడిప్పుడే తేలికగా నడుస్తున్న మనిషి అతను.

అలా కొన్ని వారాలు గడిచాయి. మందు రాయించుకోవడానికి ఒక్కడే వెళ్లిన రోజు, వస్తూనే చెప్పులతో నేరుగా వంటింట్లోకి వెళ్లాడు. అత్తయ్య పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుని ఆ మోకాళ్లు పట్టుకున్నాడు.

"అమ్మా, నీది తప్పు గాదు."

ఆవిడ బెదిరిపోయి నా వైపు చూసింది. నేను చెప్పేశాననుకుంది.

"డాక్టర్‌ను అడిగిన. గిది శానా ఇండ్లల్ల తల్లిదండ్రులకెల్లి పిల్లలకు వస్తదట. నాకు నీకెల్లే వచ్చింది. నీకు గూడ ఉన్నదమ్మా. గందుకే మూత మర్చిపోయినవ్. నిన్ను ఎవ్వరు చూపియ్యలే, నీకెవ్వరు చెప్పలే. ఇన్నేండ్లు లోపల్లోపల ఎంత తిట్టుకున్నవో! నాకెరుకే గది ఎట్లుంటదో." ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. "నేను గూడ నిన్ను ఎంత అరిగోస పెట్టిన. వచ్చే వారం పోదాం. అపాయింట్‌మెంట్ తీసుకున్న."

ఆవిడ అతని తల ఒళ్లోకి తీసుకుని, "గట్లనే బిడ్డా, పోదాం" అంది. ఎన్నాళ్ల తర్వాతో ఆ ఇంట్లో ముగ్గురం కలిసి అన్నం తిన్నాం. నాకు ఆ ముద్ద తీపిగా ఉందో చేదుగా ఉందో ఇప్పటికీ చెప్పలేను.

మర్నాడు అతను డ్యూటీకి వెళ్లాక అత్తయ్య నా పక్కన చేరింది. పాలవాడి లెక్క నుంచి నా జన్మనక్షత్రం దాకా ఒక్కటి కూడా మర్చిపోని మనిషి. గ్యాస్ ఎప్పుడు అయిపోతుందో సిలిండర్ ముట్టుకోకుండా చెప్తుంది.

"అండ్ల ఏమేం అడుగుతరే బిడ్డా? నాకు జర నేర్పియ్యి."

"డాక్టర్ గారికి అంతా తెలుసు కదా అత్తయ్యా. ఆవిడ ముందు నటించడమెందుకు?"

"డాక్టర్‌కు గాదు. వాడు ఇంట్ల చూస్తున్నడు గదా. పొద్దుగాల నుంచి నన్నే చూస్తున్నడు, నేను ఏం మర్చిపోతనా అని. ఏం మర్చిపోవాలె నేను?"

చెప్పాను. పొయ్యి మీద ఒకటి పెట్టి ఇంకో పనిలో పడిపోవడం. తాళం చెవి ఎక్కడ పెట్టారో వెతుక్కోవడం. మాట మధ్యలో ఇంకో మాటలోకి వెళ్లిపోవడం. అన్నీ అతను చేసినవే, నేను నవ్వుకున్నవే. ఆవిడ పాఠంలా ఒక్కోటీ నెమరేసుకుంది.

ఆ రాత్రి పప్పులో ఉప్పు లేదు. వీరేందర్ మొదటి ముద్దకే ఆగిపోయాడు.

"అమ్మా, ఉప్పెయ్యలే!"

"ఎయ్యలేనా? అయ్యో, మర్చిపోయినట్టున్న" అంది ఆవిడ. ఆ మాట ఆవిడకి సహజంగా రాలేదు. చిన్నపిల్లలు బళ్లో పద్యం అప్పజెప్పినట్టుంది.

అతను మాత్రం మెరిసే కళ్లతో నా వైపు తిరిగాడు. "చూసినవా ప్రియా! నేను చెప్పలే?" అని, ఉప్పు డబ్బా కోసం లేవబోతున్న తల్లిని చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. "ఉండనియ్యి అమ్మా. మంచిగున్నది. ఇంకింత ఎయ్యి."

ఆవిడ ఇంకో గరిటె వేసింది.